దోమల లెక్క అడిగిన డాక్టర్: రోనాల్డ్ రాస్

1897 ఆగస్టు 16. సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో ఉన్న మిలటరీ దవాఖానలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టారు. దోమతెర అంటే దోమలు లోపలికి రాకుండా కట్టుకునేది. ఆ రోజు మాత్రం అంతా తలకిందులు. సీసాల్లో పెంచిన దోమల్ని తెచ్చి తెర లోపలే వదిలారు. పది దోమలు ఆయన రక్తం తాగాయి. దోమకు ఒక అణా చొప్పున పది అణాలు ఆయన చేతిలో పెట్టారు.

దోమల్ని వదిలిన డాక్టర్ పేరు రోనాల్డ్ రాస్. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, మిగిలిన దోమల్లో ఒకదాన్ని కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే దాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా రోగి రక్తంలోని పరాన్నజీవిలో ఉండే రేణువులు కూడా అలాంటివే. మర్నాడు చూసిన దోమలో అవే కణాలు ఇంకాస్త పెరిగి ఉన్నాయి. అంటే ఆ జీవి దోమ కడుపులో బతుకుతోంది, పెరుగుతోంది కూడా. మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని వందల ఏళ్లుగా లోకం నమ్మింది. ఆ జబ్బు పేరు కూడా ఇటలీ భాషలో చెడు గాలి అనే మాట నుంచే వచ్చింది.

ఇంతవరకూ పిల్లల బడి పుస్తకాల్లో ఉన్నదే. ఏటా ఆగస్టు 20న దోమల దినం అని బ్యానర్లు పట్టుకుని ర్యాలీలు తీసేది కూడా ఇందుకే. కానీ రాస్ కష్టం ఆ రోజుతో అయిపోలేదు. ఇంకో రకం కష్టం అప్పుడే మొదలైంది. దోమలో ఆ జీవిని పట్టుకోవడానికి ఆయనకు రెండేళ్లకు పైగా పట్టింది. ఆ సంగతి జనానికి, సర్కారుకు నచ్చజెప్పి పని చేయించడానికి, చేసిన పని వల్ల జ్వరాలు నిజంగా తగ్గాయా లేదా అని లెక్క తేల్చడానికి మిగిలిన 35 ఏళ్ల జీవితమూ చాలలేదు. ఆయన కథలో జనానికి తక్కువ తెలిసిన భాగం ఇదే.

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులు. తండ్రి బ్రిటిష్ వారి ఇండియా సైన్యంలో అధికారి, తర్వాత జనరల్ దాకా వెళ్లారు. పదిమంది పిల్లల్లో ఈయనే పెద్ద. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపేశారు. పిల్లవాడికి కవిత్వం, బొమ్మలు, సంగీతం, లెక్కలు ఇష్టం. డాక్టరీ మీద మనసు లేదు. తండ్రి మాట కాదనలేక చదివారు, ఒక పరీక్ష తప్పారు, కొన్నాళ్లు ఓడలో డాక్టర్‌గా తిరిగారు, మళ్ళీ రాసి పాసై 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. పోస్టింగ్ మద్రాసు ప్రెసిడెన్సీ.

1883లో బెంగళూరులో ఉండగా ఒక చిన్న సంగతి జరిగింది. తర్వాత ఆయన జీవితమంతా ఎదురైన తలనొప్పికి అది నమూనా లాంటిది. ఆయన ఉన్న బంగళాలో దోమలు విపరీతం. ఎక్కడి నుంచి వస్తున్నాయా అని వెతికితే, కిటికీ బయట పెట్టిన నీళ్ల పీపాలో సన్నటి పురుగులు ఈదుతున్నాయి. పీపా బోర్లించారు. గదిలో దోమలు తగ్గిపోయాయి. సంబరపడి పై అధికారి దగ్గరికి వెళ్లి, మెస్ దగ్గరున్న పీపాలు, డబ్బాలు, పూలకుండీల్లో నీళ్లు కూడా పారబోయిద్దాం అన్నారు. ఆ అధికారి ఒప్పుకోలేదు. అలా చేస్తే ప్రకృతి ఏర్పాటు చెడిపోతుందని ఆయన వాదన. దోమకు, మలేరియాకు సంబంధం ఉందని అప్పటికి రాస్‌కూ తెలియదు. తెలిసిందల్లా ఒకటే. కళ్లముందు రుజువు కనిపించినా మనిషి పీపా బోర్లించడు. ఎండాకాలం అయిపోయాక కూలర్‌లో మిగిలిన నీళ్లు పారబోయమని ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి చెబితే, మా ఇంట్లో దోమలెక్కడివి అనే వాళ్లు ఇప్పటికీ ప్రతి బస్తీలోనూ ఉన్నారు కదా.

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టర్ ఆయనకు రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూపించారు. దాన్ని 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచ్ సైనిక వైద్యుడు కనిపెట్టారు. అది దోమ ద్వారా పాకుతుండవచ్చని మాన్సన్ అనుమానం. ఆ అనుమానాన్ని నెత్తికెత్తుకుని రాస్ 1895లో సికింద్రాబాద్‌లో దిగారు. బజారు రోగులను బతిమాలి, డబ్బులిచ్చి రక్తపు చుక్కలు తీసుకున్నారు. మొదట్లో ఆయనకు సహకరించిన రోగుల్లో అబ్దుల్ ఖాదిర్ అనే ఆయన పేరు మాన్సన్‌కు రాసిన ఉత్తరాల్లో ఉంది. రెండేళ్ల తర్వాత హుసేన్ ఖాన్. ఈ పరిశోధన ఒక తెల్లదొర మైక్రోస్కోప్‌తో మాత్రమే జరగలేదు. జ్వరంతో వణుకుతూ దోమల చేత కుట్టించుకున్న ఈ బీదవాళ్ల ఒళ్ల మీద జరిగింది. గుడ్డు నుంచి పెంచిన దోమలు కాబట్టి వాటి వల్ల హుసేన్ ఖాన్‌కు కొత్తగా మలేరియా అంటదు, అది నిజమే. అయినా ఇవాళ అలా ఒకరిని పడుకోబెట్టాలంటే రాతపూర్వక అంగీకారం, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అప్పుడు పది అణాలతో సరిపోయింది.

ఆ ఆగస్టు ఎండ, ఉక్కపోత గురించి హైదరాబాద్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. పంకా లాగితే కోసిన దోమ ఎగిరిపోతుందని లాగనిచ్చేవారు కాదట. చెమట పడి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి, అద్దం పగిలింది. అంతకుముందు రెండేళ్లూ ఆయన తప్పుడు జాతి దోమల్ని కోస్తూ కూర్చున్నారు. రెక్కల మీద మచ్చలుండే దోమ, అంటే అనాఫిలిస్, దొరికిన వారంలోపే సంగతి తేలింది. వెంటనే సర్కారు వారు చేసిన సన్మానం ఏమిటంటే, మలేరియా కేసులు దొరకని రాజ్‌పుతానాలోని ఖేర్వాడాకు బదిలీ!

1898లో ఎలాగో కలకత్తాకు వచ్చారు. అక్కడ ఎదురైన అడ్డంకి మైక్రోస్కోప్‌ది కాదు, జనం నమ్మకానిది. ఊరంతా ప్లేగు భయం. ప్లేగు కంటే ప్లేగు సూది అంటే ఎక్కువ భయం. సర్కారు మనుషులు వచ్చి బలవంతంగా సూది పొడుస్తారని పుకార్లు, గలాటాలు. రాస్ వేలు గుచ్చి ఒక్క చుక్క రక్తం అడిగితే రోగులు పారిపోయేవారు. ఆయన చేసేది ప్లేగు పని కాదు, మలేరియా పని. కానీ సూది పట్టుకున్న ప్రతివాడూ జనానికి ఒకేలా కనిపించాడు. చివరికి మనుషుల్ని వదిలి పక్షుల మలేరియా మీద పనిచేశారు. సహాయకుడు మహమ్మద్ బక్ష్ దోమల్ని పట్టి తెచ్చి పెంచేవారు. కిశోరీ మోహన్ బంద్యోపాధ్యాయ అనే యువకుడు ప్రయోగశాలలో తోడున్నారు. 1898 జులైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కుట్టినప్పుడు అక్కడి నుంచే పక్షి ఒంట్లోకి వెళుతుందని రుజువైంది.

ఆ ప్లేగు సూదిని తయారుచేసింది హాఫ్‌కిన్ అనే యూదు శాస్త్రవేత్త. 1897 జనవరిలో బొంబాయిలో మొదటి సూది ఆయన తనకే పొడుచుకున్నారు. అయినా ఖోజా ముస్లింలు జంకుతుంటే, వాళ్ల ఇమామ్ అయిన ఆగా ఖాన్ అందరూ చూస్తుండగా తాను వేయించుకున్నారు, ఒకసారి కాదు, పలుసార్లు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఆ తర్వాత వాళ్లు పెద్ద సంఖ్యలో ముందుకొచ్చారు. ఎవరు చెబుతున్నారు, చెప్పేవాడు ముందు తాను చేశాడా అనేది జనం చూస్తారు. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో ఒక సీసా కలుషితమై 19 మంది ధనుర్వాతంతో చనిపోతే నింద హాఫ్‌కిన్ మీద పడింది. ఉద్యోగం పోయినంత పనైంది. 1907లో పత్రికలకు ఉత్తరాలు రాసి ఆయన తరఫున గట్టిగా నిలబడిన వారిలో రాస్ ముఖ్యులు. తప్పు సీసాలో లేదు, ఊళ్లో దాన్ని తెరిచిన తీరులో ఉందని రుజువులు చూపి వాదించారు. రాస్‌కు కోపం ఎక్కువ, తగాదాలు ఎక్కువ. కానీ ఆ కోపం ఒక్కోసారి మంచి పనికి కూడా ఉపయోగపడింది.

1899లో ఆయన ఇండియా వదిలి లివర్‌పూల్‌లో కొత్తగా పెట్టిన ట్రాపికల్ మెడిసిన్ కాలేజీలో చేరారు. అదే ఏడాది పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వెళ్లారు. 1901లో మళ్ళీ వెళ్లి ఫ్రీటౌన్ పట్టణంలో దోమల దళాలు పెట్టారు. ఒక దాత ఇచ్చిన 2,000 పౌండ్లు పెట్టుబడి. పద్ధతి మనకు తెలిసినదే. ఒక జట్టు ఇళ్ల చుట్టూ పడి ఉన్న డబ్బాలు, పగిలిన సీసాలు, కుండపెంకులు ఏరి బండ్లకెత్తుతుంది. ఇంకో జట్టు గుంతలు పూడ్చి, పూడ్చలేని చోట కిరసనాయిలు పోస్తుంది. 1902లో ఈ అనుభవంతో దోమల దళాలను ఎలా నడపాలో చెప్పే చిన్న పుస్తకం రాశారు. డాక్టర్ల కోసం కాదు, ఊరి పెద్దలకు, మున్సిపాలిటీ వాళ్లకు అర్థమయ్యేలా. పెద్ద పథకం వచ్చేదాకా ఆగొద్దు, ఒక మేస్త్రీ, కొంతమంది కూలీలు ఉంటే చాలు, మొదలుపెట్టండి అనేది దాని సారాంశం.

అయితే ఫ్రీటౌన్‌లో దాత డబ్బు అయిపోయింది, దళం పలచబడింది. ఊరు శుభ్రమైంది, దోమలు తగ్గాయి. మరి జ్వరాలు? ఆ ప్రశ్నకు అక్కడ గట్టి లెక్క మిగల్లేదు. విమర్శించే వాళ్లకు అది చాలు. రాస్ ఈ దెబ్బను గుర్తుపెట్టుకున్నారు.

అసలైన రుజువు ఈజిప్టులో దొరికింది. సూయెజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా అనే పట్టణం ఉంది. ఎడారి ఊరు. నైలు నుంచి మంచినీటి కాలువ తవ్వి తెచ్చాక ఊరు పచ్చబడింది, తోటలు వచ్చాయి, వెనకే మలేరియా వచ్చింది. సాగర్ ఎడమ కాలువ కింద ఊళ్లున్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వాళ్లకు ఈ బొమ్మ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. నీళ్లు రావడం తప్పు కాదు. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఎవరూ చూడకపోవడమే తప్పు. కాలువ కంపెనీ వారు పిలిస్తే 1902 సెప్టెంబరులో రాస్ అక్కడికి వెళ్లారు. ఊటనీటి గుంటలు పూడ్పించారు, కాలువ పక్కల గడ్డి తీయించారు, ఇళ్ల కింద ఉండే మురుగు గుంటల్లో వారం వారం నూనె పోసే దళం పెట్టించారు. వారం వారం ఎందుకంటే, గుడ్డు నుంచి దోమ ఎగిరేదాకా ఇంచుమించు వారం పడుతుంది కాబట్టి. మన దగ్గర ఆరోగ్య శాఖ శుక్రవారాన్ని డ్రై డే అనడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. వారానికొక్కసారి పాత్రలు ఎండబెడితే చాలు, రోజూ అక్కర్లేదు. జుమా స్నానానికి నీళ్లు తోడేటప్పుడే గోళెం, డ్రమ్ము కడిగేస్తే పని అయిపోయినట్టే.

ఇప్పుడు లెక్క చూడండి. ఇస్మాయిలియాలో 1900లో 2,284 మలేరియా కేసులు, 1901లో 1,990, 1902లో 1,551. పని మొదలయ్యాక 1903లో 214. 1904లో 90. 1905లో 37. ఆ మిగిలిన వాటిలో కూడా కొత్తగా అంటినవి కాక పాత జ్వరం తిరగబెట్టినవే ఎక్కువ. రాస్ కేవలం ముందు ఏడాది, తర్వాత ఏడాది అంకెలు పక్కపక్కన పెట్టి ఊరుకోలేదు. అంతకుముందు చాలా ఏళ్ల అంకెలు కూడా వరుసగా చూపించారు. ఎందుకంటే జ్వరాలు ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ ఉండడం మామూలే. వానలు తక్కువైన ఏడాది ప్రచారం చేసి, జ్వరాలు తగ్గాయి చూడండి అని గొప్పలు చెప్పుకోవచ్చు. వెనక ఆరేడు సంవత్సరాలు ఎప్పుడూ పదిహేను వందలకు తగ్గని ఊళ్లో ఒక్కసారిగా రెండొందలకు పడిపోతే, అది వానల మహిమ కాదు. 1902లోనే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఈ ఇస్మాయిలియా అంకెలు చూపించేటప్పుడు ఆయనకు కలిగిన గర్వం ఆ బహుమతి కంటే తక్కువేమీ కాదు.

అదే సమయంలో లాహోర్ పక్కన మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ఇండియా సర్కారు వారు ఇలాంటి ప్రయత్నమే చేశారు. జేమ్స్, క్రిస్టఫర్స్ అనే ఇద్దరు మంచి శాస్త్రవేత్తలు దాన్ని నడిపించారు. సాగునీటి పిల్లకాలువలు మూయించారు, గుంతలకు నూనె పోయించారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే మలేరియా తగ్గలేదన్నారు. దాంతో ఇండియాలో దోమల మీద పని దండగ, క్వినైన్ పంచితే చాలు అనే మాట బలపడింది. పోస్టాఫీసుల్లో పైసా పొట్లాల్లో క్వినైన్ అమ్మడం బెంగాల్‌లో 1892 నుంచే ఉంది. 1909లో సిమ్లాలో మలేరియా మీద పెద్ద సభ పెడితే మియాన్ మీర్ మీదే రాద్ధాంతం. రాస్‌కు ఒళ్లు మండింది. మీరు చేసిన చోటు చిన్నది, పెట్టిన ఖర్చు తక్కువ, దోమలు ఎన్ని తగ్గాయో సరిగ్గా లెక్కపెట్టలేదు, అలాంటప్పుడు పద్ధతి ఓడిపోయిందని ఎలా అంటారు అన్నది ఆయన వాదన. ఇందులో ఆయన మొండితనం కొంత ఉంది. ఎదుటివాళ్లు నిజాయితీగా చూసి చెప్పిన ఫలితాన్ని వినడానికి ఆయన సిద్ధంగా లేరు. పంజాబ్ సాగునీటి పొలాల్లో దోమను తగ్గించడం ఎడారి ఊళ్లో తగ్గించినంత సులువు కాదన్న మాట నిజమే కూడా. కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం సరైనది. సగం చేసిన పనిని కొలిచి, మొత్తం పని వృథా అనడం న్యాయం కాదు.

ఈ తగువులోంచే ఒక చక్కటి లెక్క పుట్టింది. 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ సభలో రాస్ ఇలా ఆలోచించారు. ఒక గుంతలో పుట్టిన దోమ తన జీవితమంతా అటు కొంత, ఇటు కొంత, దారీ తెన్నూ లేకుండా ఎగురుతుంది. అలాగైతే పుట్టిన చోటికి ఎంత దూరం పోతుంది? చాలా భాగం దగ్గరలోనే తిరుగుతుంటాయి, కొన్ని మాత్రం దూరం పోతాయి. కాబట్టి ఒక చిన్న వలయాన్ని శుభ్రం చేస్తే అంచుల నుంచి దోమలు లోపలికి వస్తూనే ఉంటాయి. వలయం పెద్దదైతేనే నడిమధ్యలో తేడా తెలుస్తుంది. ఈ లెక్క పూర్తిగా కట్టమని కార్ల్ పియర్సన్ అనే గణితవేత్తను అడిగారు. పియర్సన్ 1905లో దాన్ని పత్రికలో ప్రశ్నగా వేశారు. ఇవాళ భౌతికశాస్త్రంలోనూ షేర్ మార్కెట్ లెక్కల్లోనూ వాడే గతిలేని నడక అనే గణితానికి ఆ పేరు అక్కడే పడింది. మనకు కావలసిన అర్థం మాత్రం సాదాది. మన గల్లీ ఒక్కటే కడుక్కుంటే చాలదు. హైవే పక్కన పంక్చర్ షాపు ముందు పడేసిన లారీ టైర్లలో వాన నీళ్లున్నంత కాలం వెనక బజారు వాళ్లకు డెంగీ దోమ తప్పదు. గల్లీలో ప్రచారం చేసి, తగ్గలేదు కాబట్టి ప్రచారం దండగ అనుకోవడం మియాన్ మీర్ తప్పే.

1907 చివర్లో రాస్ మారిషస్ వెళ్లారు. చెరకు తోటల్లో పని చేయడానికి మన కోస్తా జిల్లాల నుంచి, తమిళ దేశం నుంచి, బీహార్ నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీల మనవలు, మునిమనవలు ఉన్న ద్వీపం అది. తెలుగు వాళ్లున్నారు, ముస్లింలున్నారు. 1867లో వచ్చిన మలేరియా అక్కడ వేలాదిమందిని మింగింది, అప్పటినుంచి పోలేదు. ఏ ఊళ్లో ఎంత జబ్బు ఉందో రాస్ ముందు కొలవాలనుకున్నారు. చావుల లెక్క చూద్దామంటే ప్రతి జ్వరాన్నీ మలేరియా అని రాసేస్తారు. అందరి రక్తమూ తీసి చూద్దామంటే కుదరదు. అప్పుడు పిల్లల కడుపు తడిమి చూశారు. మలేరియా పదేపదే వస్తే ఎడమ పక్కన ప్లీహం పెరుగుతుంది. మన పెద్దవాళ్లు కడుపులో బల్ల అనేది, ఉర్దూలో తిల్లీ బఢ్ గయీ అనేది దాన్నే. పెద్దవాళ్లకు ఒంట్లో కొంత నిరోధం వస్తుంది, పిల్లల్లో దాగదు. సూది అక్కర్లేదు, చెయ్యి చాలు. పిల్లలు ఏడవరు, తల్లులు పారిపోరు. కలకత్తాలో రక్తం అడిగి తిప్పలు పడిన మనిషికి ఇది బాగా నచ్చి ఉండాలి. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. 1840లలోనే డెంప్‌స్టర్ అనే డాక్టర్ ఢిల్లీ పైన యమునా కాలువ కింది ఊళ్లలో, కాలువకూ జ్వరాలకూ సంబంధం తేల్చడానికి ఇలాగే చేశారు. రాస్ దాన్ని ద్వీపం మొత్తానికి వాడారు. తోటల్లో, బడుల్లో వేలాది పిల్లల్ని చూసి, ఏ తోటలో నూటికి ఎంతమందికి బల్ల ఉందో పట్టిక రాశారు. పని మొదలుపెట్టాక మళ్ళీ అదే పట్టిక తీయండి, అప్పుడు తెలుస్తుంది అన్నారు.

ఆ నివేదికలోనే ఆయన ఇంకో సంగతి లెక్క కట్టి చూపించారు. మలేరియా పోవాలంటే ఆఖరి దోమ దాకా చంపాలి, అది అసాధ్యం అనేది అధికారుల వాదన. అక్కర్లేదన్నారు రాస్. ప్రతి దోమా మనిషినే కుట్టదు. కుట్టినదల్లా పరాన్నజీవి పక్వమయ్యేదాకా పది రోజులు బతకదు. బతికినదల్లా మళ్ళీ ఇంకో మనిషిని కుట్టదు. ఇన్ని వడపోతలు ఉన్నాయి కాబట్టి, మనిషికి ఇన్ని అనే హద్దు కంటే దోమలు తగ్గితే జబ్బు తనంతట తానే ఆరిపోతుంది. చివరి దోమ బతికే ఉంటుంది, జబ్బు ఉండదు. 1910లో ఆయన మలేరియా నివారణ మీద రాసిన పెద్ద పుస్తకంలో ఈ లెక్క ఇంకా విస్తరించింది. కోవిడ్ రోజుల్లో ఒక రోగి ఎంతమందికి అంటిస్తాడు అని టీవీలో చెప్పిన లెక్కలకు ముత్తాత ఇదే. జనానికి చెప్పే తీరులో కూడా దీనివల్ల తేడా వస్తుంది. దోమల్ని నిర్మూలిద్దాం అని గోడ మీద రాస్తే, అది అయ్యే పని కాదని చదివినవాడికి తెలుసు. నూరిళ్లలో ఇరవై ఇళ్లలో లార్వా ఉంది, వచ్చే నెలకు అయిదిళ్లకు తెద్దాం అంటే అది చెయ్యగలిగిన పని. ఆరోగ్య శాఖ సిబ్బంది ఇళ్లు తిరిగి గోళేలు, కూలర్లు, కుండీలు చూసి నూటికి ఎన్నింట్లో లార్వా ఉందో రాసుకునేది ఇందుకే. మస్జిద్ హౌజులో, పాత బావిలో గంబూసియా చేపలు వదిలినప్పుడు కూడా, వదిలామన్నది ప్రచారం, తర్వాత లార్వా కనబడిందా లేదా అన్నది ఫలితం.

మారిషస్‌లో రాస్ చెప్పినదంతా చేయలేదు, డబ్బు తక్కువ ఇచ్చారు. ఆ ద్వీపం మలేరియా లేనిదని 1973లో ప్రకటించారు. రెండేళ్లు తిరక్కుండానే, పెద్ద తుఫాను తర్వాత జబ్బు మళ్ళీ తలెత్తింది, మళ్ళీ పని చేసి వదిలించుకున్నారు. మన దేశం కథ అంతకంటే ఘాటుగా ఉంది. స్వాతంత్య్రం వచ్చేనాటికి ఏడాదికి ఏడున్నర కోట్ల కేసులు, 8 లక్షల చావులు అని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, డీడీటీ కొట్టి, 1960ల మధ్యకు కేసులు లక్షకు తెచ్చారు. అయిపోయిందిలే అని చెయ్యి వదిలేశారు. 1976కు 64 లక్షల కేసులు. తగ్గినప్పుడే లెక్క ఇంకా గట్టిగా తీయాలన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

రాస్‌కు 1911లో సర్ బిరుదు వచ్చింది. 1912లో లండన్ చేరారు. రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, మొదటి నెలలోనే పెద్ద కొడుకు ఫ్రాన్స్‌లో చనిపోయారు. సైన్యానికి మలేరియా సలహాదారుగా పనిచేస్తూనే, తనకు పార్లమెంటు ప్రతిఫలం ఇవ్వలేదని, ఘనత ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీ కొట్టేయబోయాడని ఏళ్ల తరబడి పోట్లాడారు. తనకు దారి చూపిన మాన్సన్‌తో కూడా చివరికి మాటలు చెడ్డాయి. 1928లో తన కాగితాలన్నీ 2,000 పౌండ్లకు అమ్మేశారు. సన్మానాలకు లోటు లేదు. 1926లో ఆయన పేరుతో లండన్‌లో సంస్థ తెరిచారు. 1927 జనవరిలో కలకత్తా వచ్చి, తాను పనిచేసిన ఆసుపత్రి గోడకు కట్టిన స్మారక ద్వారాన్ని తానే ఆవిష్కరించారు. 1931లో భార్య పోయారు. మరుసటి ఏడాది, 1932 సెప్టెంబరు 16న, తన పేరున్న సంస్థలోనే ఆయన కన్నుమూశారు.

హుసేన్ ఖాన్ పడుకున్న బేగంపేట దవాఖాన భవనం ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ బోర్డు మీద ఉండే పేరు కూడా సర్ రోనాల్డ్ రాస్‌దే. జనం మాత్రం క్వారంటైన్ అనే మాటను నలగ్గొట్టి ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే పిలుస్తారు. వానాకాలంలో జ్వరం తగ్గని పిల్లవాడిని ఎత్తుకుని కోదాడ బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సెక్కిన వాళ్లు నల్లకుంటకు చేరితే ఓపీ చీటీ రాయించుకునేది అక్కడే.